సోపాన నిర్మాత ప్రోలయ వేమారెడ్డి

(బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి)

రాజుల పేర్లు చెప్పమంటే మనమందరం గబగబా చెబుతాం. పరీక్షల కోసం బట్టీ పట్టినవే గదా! ఎవరు ఎవరిని ఓడించినారు, ఏ సంవత్సరంలో గద్దెనెక్కినారు, ఏమేం బిరుదులు పెట్టుకున్నారు అన్నీ నోటికి వస్తాయి. అయితే ఆ రాజు చేసిన పని ఈ రోజు మనకు దేనికి పనికొస్తున్నదని అడిగితే మాత్రం ఆలోచనలో పడతాం. కోటలు కూలిపోయినాయి. సింహాసనాలు మట్టిలో కలిసినాయి. గెలిచిన రాజ్యాలు ఎవరెవరి చేతుల్లోకో పోయినాయి.

కానీ ఒక రాజు వేయించిన మెట్ల మీద, ఆరున్నర శతాబ్దాలు దాటినా, ఇప్పటికీ ఏటేటా మహాశివరాత్రికీ ఉగాదికీ వేలమంది నడుస్తున్నారు. ఆ రాజు ప్రోలయ వేమారెడ్డి. ఆ మెట్లు ఉండేది ఎక్కడో కాదు, మన నల్లమలలో, శ్రీశైలం కొండ మీద, అహోబిలం కొండ మీద. నేను చరిత్ర విద్యార్థిని కాను. చదివేది సైన్సు, పుట్టింది సేద్యగాండ్ల ఇంట్లో. అయినా ఆ దారికి దగ్గర ఊళ్ళో పుట్టినందువల్ల, ఆ మెట్లు ఎక్కి దిగినందువల్ల, ఆ మహానుభావుని గురించి నాలుగు మాటలు రాయాలనిపించింది.

వంశము, కాలము

వేమారెడ్డి పంట రెడ్ల కుటుంబంలో పుట్టినాడు. తండ్రి పేరు ప్రోలయ. అందుకే ఈయనను ప్రోలయ వేమారెడ్డి అంటారు. ఈ కుటుంబంవాళ్ళు మొదట స్వతంత్ర రాజులు కారు. ఓరుగల్లు కాకతీయుల కొలువులో ఉండి, వాళ్ళ కోసం కత్తి పట్టినవాళ్ళు.

1323లో ఢిల్లీ సేనల చేతిలో ఓరుగల్లు పడిపోయింది. ప్రతాపరుద్రుడు బందీ అయినాడు. ఢిల్లీకి తీసుకుపోతుండగా దారిలోనే ఆయన చనిపోయినాడని చరిత్ర చెబుతుంది. తలకాయ లేని మొండెం మాదిరి అయిపోయింది ఆంధ్రదేశం. ఎవరి ఊరు వాళ్ళు కాపాడుకోవలసిన పరిస్థితి. దానంగా ఇచ్చిన మాన్యాలు పోయినాయి, గుళ్ళలో దీపాలు ఆరిపోయినాయి. దారుల సంగతి చెప్పనే అక్కరలేదు. రాజు లేని రోజుల్లో మొట్టమొదట పాడయ్యేది దారే. బండి కదలదు, బేరగాడు రాడు, యాత్రికుడు ఇల్లు వదిలి బయటికి అడుగు పెట్టడు.

ఆ చీకటి రోజుల్లోనే ఒక్కొక్క ప్రాంతంలో ఒక్కొక్క నాయకుడు లేచినాడు. గోదావరి వైపు ముసునూరి ప్రోలయ నాయకుడు, ఆయన తర్వాత కాపయ నాయకుడు నిలబడినారు. 1336 నాటికి కాపయ నాయకుడు ఓరుగల్లునే తిరిగి పట్టుకున్నాడు. గుండ్లకమ్మ ఒడ్డున ఉండే అద్దంకిని రాజధానిగా చేసుకుని, 1325 ప్రాంతంలో రెడ్డి రాజ్యానికి పునాది వేసినవాడు మన వేమారెడ్డి. తమ్ముడు మల్లారెడ్డి ఆయనకు కుడిభుజం. సముద్రం మీద వ్యాపారానికి పెట్టింది పేరైన మోటుపల్లి రేవును మల్లారెడ్డి గెలిచి అన్న చేతిలో పెట్టినాడు. తూర్పున సముద్రం, పడమట నల్లమల, ఈ రెండింటి మధ్య వేమారెడ్డి రాజ్యం నిలదొక్కుకున్నది.

గెలిచిన తర్వాత

యుద్ధం చేయగలవాళ్ళు చాలామంది ఉంటారు. గెలిచిన తర్వాత ఏం చేసినాడన్నదాన్ని బట్టి మనిషిని కొలవాలి. వేమారెడ్డి చేసిన మొదటి పనుల్లో ఒకటి, పోయిన అగ్రహారాలను తిరిగి ఇప్పించడం. చెదిరిపోయిన పండితులు మళ్ళీ ఊళ్ళకు వచ్చినారు.

రెండో పని సాహిత్యానికి సంబంధించినది. కవిత్రయంలో మూడోవాడైన ఎర్రాప్రగడ వేమారెడ్డి ఆస్థానంలో ఉన్నాడు. నన్నయ గారు సగంలో విడిచిన అరణ్యపర్వాన్ని పూర్తి చేసిన మహాకవి ఈయనే. హరివంశాన్ని వేమారెడ్డికే అంకితమిచ్చినాడు. ఆయన రాసిన రామాయణం మనకు దొరకకుండా పోయింది. అహోబిల క్షేత్ర మహిమను చెప్పే నృసింహ పురాణం కూడా ఎర్రన గారిదే. అంటే అహోబిలం కొండకు రాజు మెట్లు వేయిస్తే, కవి కావ్యం కట్టినాడు. ఒకటి కాళ్ళకు దారి, ఇంకొకటి మనసుకు దారి.

మూడో పని ఆ మెట్లు.

సోపానాలు

శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించినవాడని రెడ్డిరాజుల శాసనాలు వేమారెడ్డిని పొగుడుతాయి. ఆయన శివభక్తుడు. అయినా శివుని కొండకు మెట్లు వేసి ఊరుకోలేదు, నరసింహస్వామి కొండకు కూడా వేయించినాడు. మతం పేరుతో తగవులు పడేవాళ్ళు గుర్తు పెట్టుకోవలసిన సంగతి ఇది.

ఈ పని ఎంత కష్టమో చదివితే తెలియదు, నడిస్తే తెలుస్తుంది. శ్రీశైలానికి పూర్వం నాలుగు ద్వారాలని చెప్పుకుంటారు. తూర్పున త్రిపురాంతకం, పడమట అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం, దక్షిణాన మన కడప జిల్లా సిద్ధవటం. ఇవి కాక పాత కర్నూలు జిల్లా ఆత్మకూరు వైపునుంచి పోయే కాలిబాట ఉన్నది. 2022లో జిల్లాలు మార్చిన తర్వాత ఆత్మకూరు, శ్రీశైలం, అహోబిలం మూడూ నంద్యాల జిల్లాలోకి వచ్చినాయి. ఆత్మకూరు దగ్గర వెంకటాపురంలో అడవిలోకి దిగితే నాగలూటి వస్తుంది. అక్కడ వీరభద్రస్వామి గుడి. అక్కడినుంచి పెద్దచెరువు, మఠం బావి, ఆ తర్వాత భీముని కొలను. భీముని కొలను అంటే మామూలు కొలను కాదు, కొండను కత్తితో చీల్చినట్లు ఉండే లోయ. నిలువునా దిగాలి, మళ్ళీ నిలువునా ఎక్కాలి. ఎక్కినాక కైలాస ద్వారం. అక్కడికి చేరినవాళ్ళు కూలబడి, ఒక్క నిమిషం మాట లేకుండా మల్లన్న ఉండే దిక్కుకు చూసి చెయ్యెత్తి మొక్కుతారు.

ఈ లోయ దగ్గర ఉండే రాతిమెట్లు రెడ్డిరాజు వేయించినవేనని మా వైపు అందరూ చెప్పుకుంటారు. మెట్టు మీద మెట్టు, బండ మీద బండ. కొన్నిచోట్ల నడుమ అరిగి, దోనె మాదిరి గుంత పడినాయి. ఎన్ని పాదాలు పడితే రాయి అట్లా అరుగుతుందో లెక్క కట్టడానికి మా ఫిజిక్సు చాలదు.

సైన్సు విద్యార్థిగా నాకు తోచిన మాట ఒకటి చెబుతాను. మెట్లు మనిషి కోసమే అనుకుంటాం. కానీ అవి దారిని కూడా కాపాడుతాయి. మన రాయలసీమలో వాన తక్కువ, పడితే మాత్రం ఒక్క పూటలో కుమ్మరిస్తుంది. వాలులో ఉండే కాలిబాట ఆ నీళ్ళకు కాలువ అయిపోతుంది. నీటి వేగం పెరిగినకొద్దీ మట్టిని కోసుకుపోయే బలం పెరుగుతుంది. నాలుగు వానలకు బాట వంక అవుతుంది. అడ్డంగా మెట్టు రాయి ఉంటే నీళ్ళు అక్కడ ఆగి, వేగం తగ్గి, పక్కకు పోతాయి. మా నాయన చేలో వేసే గట్టు చేసే పని కూడా ఇదే. వాలుకు అడ్డంగా గట్టు వేసి మట్టిని నిలబెట్టే సేద్యగాని తెలివే ఆ కొండ మీద రాతిలో కనిపిస్తుంది.

కట్టింది ఒకరు, నిలిపింది ఎందరో

వేమారెడ్డి 1353 ప్రాంతంలో గతించినాడు. ఆయన కొడుకు అనవోతారెడ్డి రాజధానిని కొండవీటికి మార్చినాడు. సముద్ర వ్యాపారులకు అభయమిస్తూ 1358లో మోటుపల్లిలో శాసనం వేయించింది ఈయనే. ఆ తర్వాత వచ్చిన అనవేమారెడ్డి 1377లో శ్రీశైలంలో వీరశిరోమండపం కట్టించినాడు. 1424 నాటికి కొండవీటి రెడ్డి రాజ్యం ముగిసిపోయింది. స్థాపించిన నాటినుంచి లెక్కపెడితే నూరేళ్ళు.

రాజ్యం నూరేళ్ళకు పోతే మెట్లు ఇన్ని వందల ఏళ్ళు ఎట్లా నిలిచినాయి? రాయి గట్టిది కాబట్టి అని నేను చిన్నప్పుడు అనుకునేవాణ్ణి. అది తప్పని ఆ దారిలో చెయ్యి పెట్టి పని చేసినప్పుడు తెలిసింది. చూసుకునేవాళ్ళు లేకపోతే ఎంత గట్టి రాయి అయినా దొర్లిపోతుంది. సందుల్లో చెట్టు వేరు పుట్టి రాయిని పైకి లేపుతుంది. అడవిపంది కింద మట్టి తవ్వుతుంది. ఒక్క మెట్టు జారితే దాని పై మెట్టుకు ఆధారం పోతుంది. కట్టించినది ఒక రాజు, నిలిపింది మాత్రం పేరు లేని వేలమంది.

రాజులు, రాణులు కూడా తమ వంతు చేసినారు. విజయనగర ప్రభువు రెండో హరిహరరాయల రాణి విఠలాంబ పాతాళగంగకు మెట్లు కట్టించింది. కృష్ణదేవరాయలు మండపాలు, గోపురం కట్టించినాడు. 1677లో ఛత్రపతి శివాజీ శ్రీశైలం వచ్చి, ఉత్తర గోపురానికి కారకుడైనాడు. తర్వాత కర్నూలు నవాబుల కాలంలో యాత్రికుల మీద పన్ను కూడా ఉండేది. ఆ కాలంలోనే, 1830లో, మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా ఉండిన ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్రకు బయలుదేరి, కడప మీదుగా అహోబిలం, శ్రీశైలం చూసుకుని పోయినాడు. ఎక్కడ మజిలీ చేయవచ్చునో, ఎక్కడ ఏం దొరుకుతుందో వెనక వచ్చేవాళ్ళ కోసం రాసిపెట్టినాడు. దారి గురించి రాయడం కూడా దారిని నిలపడమే.

అయితే అందరికంటె ముందు చెప్పుకోవలసింది చెంచుల గురించి. అడవి వాళ్ళది. మల్లన్నను వాళ్ళు తమ అల్లునిగా, చెంచు మల్లయ్యగా భావిస్తారు. దారి చూపించినది వాళ్ళు, డోలీలు మోసినది వాళ్ళు, యాత్రికులకు అడవిలో తోడుగా నిలిచినది వాళ్ళు. తర్వాత చెప్పుకోవలసింది కన్నడ భక్తుల గురించి. భ్రమరాంబను వాళ్ళు తమ ఇంటి ఆడబిడ్డ అంటారు. ఉగాదికి ముందు కర్ణాటకనుంచి వందల మైళ్ళు నడిచి, ఆడబిడ్డకు చీర, సారె, పసుపు కుంకుమ తెస్తారు. భుజాన కంబి మోసేవాళ్ళు కొందరు, కట్టెకాళ్ళ మీద నడిచేవాళ్ళు కొందరు. ఘాట్ రోడ్డు పడి, బస్సులు వచ్చి, తెలుగువాళ్ళలో చాలామంది బస్సెక్కిన తర్వాత కూడా ఆ కాలిబాటలో గడ్డి మొలవకుండా చేసినవి వాళ్ళ పాదాలే.

మా వూరి పందిరి

ఇక మా వూరి మాట. ఆత్మకూరు పక్కన నల్లరేగడి భూములుండే చిన్న ఊరు మాది. ఉగాదికి పది రోజుల ముందునుంచి రోడ్డు వెంబడి మల్లయ్య భక్తులు కనిపిస్తారు. ఆ పది రోజులూ మా ఊళ్ళో ఎవరూ ఎవరికీ పని చెప్పరు, ఎవరి పని వాళ్ళకు తెలుసు. ఒకరు పందిరికి తాటాకు తెస్తారు. ఒకరు బియ్యం మూట, ఇంకొకరు కందిపప్పు. ట్రాక్టరు ఉండేవాళ్ళు డ్రమ్ముల్లో నీళ్ళు తోలుతారు. మా జేజి పని మజ్జిగ. ఇంట్లో బర్రె ఎండిపోయిన ఏడు కూడా పక్కింట పాలు అడిగి తోడు పెట్టేది. కన్నడం ఒక్క ముక్క రాకపోయినా ఆ ఆడవాళ్ళతో గంటలకొద్దీ మాట్లాడేది. వాళ్ళకూ తెలుగు రాదు. ఏం అర్థమయ్యేదో ఆ శివునికే ఎరుక!

వానలు లేక పంట పోయిన ఒక ఏడు పందిరి వేయవద్దనే మాట వచ్చింది. ఇంట్లో తిండికే చూసుకోవాలి గదా అని కొందరన్నారు. వాళ్ళన్నది అబద్ధం కాదు. చివరికి అన్నం మానేసి, మజ్జిగ, నీళ్ళు మాత్రం పెడదామని తీర్మానించినారు. ఆ ఏడు నడిచి వచ్చినవాళ్ళు విషయం గ్రహించి, తమ మూటల్లోని జొన్నరొట్టెలు తీసి మా పిల్లల చేతుల్లో పెట్టినారు. ఎవరు ఎవరికి సాయం చేసినట్లు? ఇప్పటికీ నాకు తేలని లెక్క అది.

మూడేళ్ళ కింద జేజి పోయింది. మజ్జిగ పని మా అమ్మ మీద పడింది. నాకు కూడా ఏదో ఒకటి చేయాలనిపించి, శివరాత్రికి ముందు దారి బాగుచేసే వాళ్ళతో కలిసి పోయినాను. అటవీశాఖవాళ్ళ అనుమతితో, వాళ్ళ సిబ్బంది వెంట పోవాలి. ఈ అడవి 1983నుంచి పెద్దపులుల అభయారణ్యం. ఇష్టం వచ్చినప్పుడు, ఇష్టం వచ్చినట్లు తిరగడానికి లేదు. పండుగ రోజుల్లో మాత్రమే నడకదారి తెరుస్తారు. గడ్డపారలు, పారలు, కొడవళ్ళు పట్టుకుని ముళ్ళకంపలు కొట్టుకుంటూ, జారిన రాళ్ళు సర్దుకుంటూ పోయినాం.

నేను చదువుకున్నవాణ్ణి గదా, ఒక మెట్టు రాయిని బాగా చదునుగా పెట్టి గర్వపడినాను. మాతో వచ్చిన ఒక చెంచు పెద్దాయన చూసి, రాయిని పెడితే చాలదు, దాని వెనక చిన్న రాళ్ళు కూరి మట్టి దట్టించాలి, పక్కన నీళ్ళు పోయే సందు విడవాలి అని చెప్పినాడు. నేను వినీ విననట్లు ఊరుకున్నాను. మరుసటి ఏడు పోయి చూస్తే నా రాయి రెండు గజాల కింద పొదలో పడి ఉన్నది. ఆయన పెట్టిన రాళ్ళు మాత్రం అంగుళం కదల్లేదు. సిగ్గుతో తల వంచుకుని, ఈసారి ఆయన చెప్పినట్లే పెట్టినాను.

మన వంతు

ఇట్లా పదిమంది కలిసి నడకదారిని కాపాడుకోవడం మన దేశానికే పరిమితం కాదు. అమెరికాలో అప్పలాచియన్ కాలిబాట అని ఒకటున్నది. 1921లో బెంటన్ మెకే అనే ఆయనకు పుట్టిన ఆలోచన, 1937లో పూర్తయింది. పధ్నాలుగు రాష్ట్రాల మీదుగా దాదాపు 3,500 కిలోమీటర్లు పోతుంది. ఒక్కొక్క ముక్కను ఒక్కొక్క ఊరి నడకసంఘం తన వంతుగా తీసుకుని, సెలవు రోజుల్లో చెట్లు తొలగించి, మెట్లు సర్ది చూసుకుంటుంది. ప్రభుత్వ శాఖలు వాళ్ళతో చేతులు కలిపి పనిచేస్తాయి. చదివినప్పుడు ఆశ్చర్యమనిపించలేదు. మా ఊళ్ళో పేరు పెట్టకుండా చేసే పనికి అక్కడ సంఘమని పేరు పెట్టినారు, అంతే తేడా.

కానీ ఆ తేడా చిన్నదేమీ కాదని ఇప్పుడు అనిపిస్తున్నది. పేరు లేని పని మనుషులతోనే పోతుంది. మా వైపు దారి పని తెలిసిన పెద్దలు ఒక్కొక్కరే రాలిపోతున్నారు. నా ఈడువాళ్ళు పనుల కోసం బెంగళూరు, హైదరాబాదు పోతున్నారు. వాళ్ళను తప్పు పట్టలేం, సేద్యం అన్నం పెట్టకపోతే ఏం చేస్తారు? ఇంకొక పక్క, వచ్చేవాళ్ళు పారేసే ప్లాస్టిక్ సీసాలు, కవర్లు వంకల్లో పేరుకుపోతున్నాయి. జింక తింటే జింక చస్తుంది. అడవికి చేటు జరిగితే దారి మూసేస్తారు, మూసినా న్యాయమే. దారి నిలవాలంటే అడవిని కాపాడే అటవీశాఖ, దేవస్థానం, చెంచులు, చుట్టుపక్కల ఊళ్ళు, నడిచేవాళ్ళు, అందరూ ఒక మాట మీద ఉండాలి. ఇందులో ఏ ఒక్కరు తప్పుకున్నా మెట్టు జారినట్లే.

మన కాలేజీలో జాతీయ సేవా పథకం ఉన్నది. ఏటేటా శిబిరాలు పెడుతున్నాం, రోడ్లు ఊడుస్తున్నాం, మొక్కలు నాటుతున్నాం. ఏడాదికి రెండు రోజులు, శివరాత్రికి ముందు ఒకటి, ఉగాది తర్వాత ఒకటి, ఈ దారికి ఇవ్వలేమా? ముందు రోజు ముళ్ళు, రాళ్ళు సర్దడానికి. వెనక రోజు ప్లాస్టిక్ ఏరి బయటికి మోయడానికి. అనుమతులు అడిగితే ఇచ్చేవాళ్ళున్నారు, పని నేర్పే పెద్దలు ఇంకా మిగిలి ఉన్నారు. వాళ్ళు ఉండగానే నేర్చుకోవాలని నా మనవి. అధ్యాపకులు, పూర్వ విద్యార్థులు కూడా ఆలోచించవలసిందిగా కోరుతున్నాను.

వేమారెడ్డి దగ్గర సైన్యం ఉన్నది, ధనాగారం ఉన్నది, మహాకవి ఉన్నాడు. మన దగ్గర రెండు చేతులు, ఒక గడ్డపార ఉన్నాయి. ఆయన వేయించిన మెట్టు జారిపోకుండా చూడటానికి ఆ మాత్రం చాలు. వచ్చే శివరాత్రికి ముందు నేను మళ్ళీ పోతున్నాను. పోయిన ఏడు పెట్టిన రాయి నిలిచిందో లేదో చూసుకోవాలి. తోడు వచ్చేవాళ్ళు హాస్టల్లో నన్ను కలవండి.